వంజంగి మబ్బుల్లో దేవుడు – అక్కయ్యగారి జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగం మిషన్ ట్రిప్పుల గురించే. చలికాలం అయ్యేసరికి ప్రతిసారీ ఇంతే, యూత్ అంతా ఏజెన్సీకి వెళ్ళొచ్చి ఉంటారు కదా, ఫోటోలు చూసుకోవడం అయిపోయాక డౌట్లు మొదలవుతాయి. పొడుగు ఉత్తరాల్ని కొంచెం కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: వందనాలు అక్కయ్యగారూ. మాది గుంటూరు, బీటెక్ ఫైనలియర్. మా చర్చి యూత్ టీమ్‌తో నవంబర్‌లో పాడేరు పైన ఒక ఊరికి వెళ్ళాం. పిల్లలకి పాటలు, కథలు నేర్పించాం, మాతో వచ్చిన డాక్టర్ గారు బీపీ, షుగర్ చూస్తుంటే మేం పేర్లు రాశాం. ఆఖరి రోజు తెల్లవారుజామున వంజంగి కొండెక్కాం. చీకట్లో సెల్ లైట్లేసుకుని ఎక్కి పైకెళ్ళేసరికి కింద లోయంతా పాలు పోసినట్టు మబ్బే, కొండల తలకాయలు మాత్రం పైకి కనబడుతున్నాయి. సూర్యుడు వస్తుంటే నాకు ఎందుకో ఏడుపొచ్చేసింది, దేవుడు నా పక్కనే నించున్నాడని గట్టిగా అనిపించింది. ఇంటికొచ్చాక డౌట్. నిద్ర లేదు, చలి, ఖాళీ కడుపు, అది నిజంగా దేవుడేనా లేక నా ఒంట్లో నీరసమా? ఇంకోటి, మా బండి డ్రైవర్ అన్న హిందువు, ఆయన కూడా కళ్ళు తుడుచుకుని "అమ్మవారు కనబడ్డట్టుంది తమ్ముడూ" అన్నాడు. ఇద్దరికీ ఒకేలా అనిపిస్తే మరి తేడా ఏంటి? ఆదివారం చర్చిలో నాకెప్పుడూ ఇలా అవ్వలేదు, అది కూడా భయంగా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నీరసం సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు అదేదో సిగ్గుపడాల్సిన విషయంలా రాశావు. మొదటి రాజులు 19వ అధ్యాయం తియ్యి. ప్రవక్త ఏలీయా ప్రాణభయంతో పారిపోయి చెట్టు కింద పడుకుని నన్ను చంపెయ్ ప్రభువా అంటాడు, అప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చెప్పలేదు, నిద్రపోనిచ్చాడు, దూతతో నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పంపించాడు, తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాతే హోరేబు కొండ. అంటే ఒంట్లో నీరసం ఉన్నంత మాత్రాన దేవుడు రాడని లేదు, నీరసం ఉంది కాబట్టి అనిపించిందంతా దేవుడేనని కూడా లేదు. అందుకే అక్కడ చదువుతూ ముందుకెళ్ళు. కొండలు బద్దలయ్యే గాలి వచ్చింది, దాంట్లో యెహోవా లేడు అని రాసుంది. భూకంపం వచ్చింది, దాంట్లోనూ లేడు. మంట, దాంట్లోనూ లేడు. ఆ తర్వాత చిన్న స్వరం. మన ప్రసంగాల్లో చాలావరకు ఇక్కడే ఆపేస్తారు, నాకు మాత్రం ఆ స్వరం ఏమందో అది ముఖ్యం. "ఇక్కడేం చేస్తున్నావు ఏలీయా" అంది. అని ఊరుకోలేదు, వెనక్కి వెళ్ళు, ఫలానా ఫలానా వాళ్ళని అభిషేకించు, నీ తర్వాత పని చేసే ఎలీషాని పిలుచుకో అని పేర్లతో సహా పని అప్పజెప్పి పంపించేసింది. అంత పెద్ద కొండ మీద అతనికి దొరికింది దిగిపోవడానికి ఆర్డరు.

నీకు అక్కడ ఏం అప్పజెప్పాడో నాకు తెలీదు. నువ్వు పేర్లు రాసుకున్న వాళ్ళలో ఒక్కరి మొహమైనా ఇప్పుడు గుర్తొస్తోందా అన్నది మాత్రం ఒకసారి చూసుకో. సూర్యుడి ఫోటోలు ఫోన్‌లో బోలెడుంటాయి, బీపీ ఎక్కువుందని డాక్టర్ గారు పాడేరు ఆసుపత్రికి వెళ్ళమన్న వాళ్ళు వెళ్ళారో లేదో ఎవరైనా కనుక్కున్నారా? కనుక్కోవాలని నీకు ఇప్పుడు అనిపిస్తే ఆ పొద్దున జరిగిందాన్ని నేనైతే అనుమానించను.

డ్రైవర్ అన్న సంగతి. నువ్వు భయపడ్డావు గానీ పౌలు భయపడలేదు. అపొస్తలుల కార్యాలు 14లో లుస్త్ర అనే ఊళ్ళో జనం పౌలునీ బర్నబానీ దేవుళ్ళనుకుని ఎడ్లూ పూలదండలూ తెచ్చి బలి ఇవ్వబోతారు. వీళ్ళు బట్టలు చింపుకుని ఆపుతారు, ఆపి ఏం చెప్పారు? మీకు వాన కురిపించిందీ, పంటలిచ్చిందీ, కడుపు నింపి మనసుకి సంతోషమిచ్చిందీ జీవం గల ఆ దేవుడే అన్నారు. ధర్మశాస్త్రం ముక్క ఒక్కటి కూడా తెలియని జనంతో మాట్లాడుతూ వాళ్ళ పొలంలో పడ్డ వానని సాక్షిగా నిలబెట్టాడు. కాబట్టి డ్రైవర్ అన్న కన్నీళ్ళు ఆయన దగ్గర లాక్కోవాల్సిన పనిలేదు. నీ నమ్మకం నీకుంది, సృష్టిని చేసినాయన క్రీస్తులో మనిషిగా వచ్చాడని నువ్వు నమ్ముతావు, ఆ కబురు కొండ చూస్తే వచ్చేది కాదు, ఎవరో ఒకరు చెప్పాలి. తేడా అక్కడుంది. చెప్పడానికి వాదన పనికిరాదు, దిగేటప్పుడు కింద టీ కొట్టు దగ్గర ఆయనకో టీ ఇప్పించి ఆయన మాట పూర్తిగా వినుంటే అదే మంచి మొదలు. (మన టీముల్లో డ్రైవర్‌ని బండిలోనే వదిలేసి అందరూ టిఫిన్‌కి వెళ్ళిపోయే అలవాటు ఒకటుంది, అది నాకు అస్సలు నచ్చదు.)

చర్చిలో ఏమీ అనిపించకపోవడం గురించి, 19వ కీర్తన పూర్తిగా చదువు, సగం కాదు. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని మొదలై సూర్యుడు పెండ్లికొడుకులా బయటికొస్తాడు అని సాగుతుంది, సరిగ్గా ఏడో వచనం దగ్గరకొచ్చేసరికి దావీదు టక్కున ధర్మశాస్త్రం గురించి మాట్లాడటం మొదలుపెడతాడు, మధ్యలో ఏ వంతెనా ఉండదు. అదే నోరు, అదే పాట. చివర్లో నా తప్పులు నాకే కనబడవు, క్షమించు అని అడుగుతాడు. ఆకాశం చూసి ఎవరూ ఆ మాట అడగరు, దానికి వాక్యం కావాలి. వంజంగిలో నీకు పాట మొదటి సగం వినబడింది, రెండో సగం చర్చిలో ఉంది, బోర్ కొట్టినా కూర్చో.

ఇంకొక్క మాట. యోబు 38లో దేవుడు అడిగే ప్రశ్నల్లో ఒకటుంది, మనుషులే లేని ఎడారిలో వాన కురిపించేది ఎవరు అని. ఎవరూ చూడని చోట, ఎవరికీ లాభం లేని చోట ఆయన వాన కురిపిస్తున్నాడు. వంజంగి మబ్బు కూడా అంతే బాబూ. నువ్వు రాకముందు రోజూ వచ్చింది, నువ్వు గుంటూరు వచ్చేశాక కూడా వస్తూనే ఉంది. నీ కోసం వేసిన సెట్టింగు కాదది. నాకైతే దాంట్లోనే పెద్ద నెమ్మది దొరుకుతుంది, నా ఏడుపులూ నా ఫీలింగులూ లేకుండానే ఆయన పని నడుస్తోంది, నేను అటుగా వెళ్తూ కాసేపు చూశాను అంతే.

ప్రశ్న: అమ్మా, నేను ఖమ్మం దగ్గర సంఘంలో పెద్దని. నిష్టూరంగా రాస్తున్నానని అనుకోవద్దు. ఈ పిల్లలు మిషన్ ట్రిప్ అని చందాలు వసూలు చేసి అరకు వెళ్తారు, క్యాంప్‌ఫైర్లు, రీల్సు, వచ్చి సాక్ష్యం చెప్పమంటే "ప్రకృతిలో దేవుణ్ణి ఫీలయ్యాం" అంటారు. మా రోజుల్లో సువార్త అంటే కాళ్ళు అరిగేలా తిరగడం. ఇది బైబిల్ పట్టుకెళ్ళిన పిక్నిక్ కాదా? పైగా చెట్టూ పుట్టా అంటుంటే ప్రకృతి పూజలా వినబడుతోంది.

జవాబు: పెద్దాయనా, ప్రకృతి పూజ అన్న భయం మాత్రం వదిలెయ్యండి, కీర్తనల్లో నదులు చప్పట్లు కొడుతుంటే, కొండలూ చెట్లూ సంతోషంతో పాడుతుంటే రాసినవాళ్ళని ఎవరూ సంఘం నుంచి వెలివెయ్యలేదు. పిక్నిక్ అన్న మాటకి మాత్రం నా దగ్గర అడ్డం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిక్నిక్ తప్పు కాదు, చందాతో వెళ్ళి దానికి మిషన్ అని పేరు పెడితేనే తప్పు.

నేను కొన్నేళ్ళుగా టీములతో ఆ కొండల మీదికి వెళ్తున్నాను కాబట్టి ఒకటి చెప్తాను. అరకు లోయ, అనంతగిరి, పాడేరు వైపు నవంబర్ నుంచి జనవరి దాకా కాఫీ కోత. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, అదే చెట్లకి మిరియాల తీగ. ఎర్రగా పండిన కాయలు కోసుకొచ్చి చాలామంది ఇంటి ముందు పట్టా పరిచి ఎండబెట్టుకుంటారు. ఒక పొద్దున మా పిల్లలంతా మబ్బు చూసి హల్లెలూయా అంటూ ఫోటోలు దిగుతుంటే అక్కడ ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని కాయల మీద పడ్డ తేమ చూసి విసుక్కుంటోంది. ఏంటమ్మా అంటే, మబ్బు ఇలా దిగితే కాయ ఆరదు, నల్లబడిపోద్ది, బూజు పడితే రేటు తగ్గించేస్తారు అంది. కాసేపయ్యాక ఎండ వచ్చింది. మావాళ్ళకి వ్యూ పోయింది, ఆవిడ మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి కాయల్ని తిరగేయడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో చిన్న సంఘం ఉంది, ఆవిడ దాంట్లో విశ్వాసి, మాకన్నా పాత విశ్వాసి. ఆ పూట నేను మా పిల్లల చేత ప్రార్థన చేయించలేదు, ఆవిడతో చేయించాను. ఎండ కోసం చేసింది, కాఫీ కోసం చేసింది, డోలీలో మోసుకెళ్ళిన కోడలి కాన్పు కోసం చేసింది. రోడ్డు లేని ఊళ్ళలో ఇప్పటికీ గర్భిణుల్ని డోలీ కట్టి మోస్తున్నారని పేపర్లో చదువుతాం కదా, ఆ మబ్బులోనే మొయ్యాలి మరి, ముందడుగు కనబడదు.

కాబట్టి పిల్లల్ని ఆపకండి, పంపించే పద్ధతి మార్చండి. వెళ్ళే ముందు ఆ ఊరి పాస్టర్ గారినీ ఊరి పెద్దల్నీ అడగాలి, అసలు మీకేం కావాలి, ఏ వారం ఖాళీ అని. కోతల టైంలో వెళ్ళి మీటింగ్ పెడితే వాళ్ళకి కూలి పోతుంది. మెడికల్ క్యాంప్ అయితే అక్కడి ఏఎన్ఎమ్‌కీ ఆశా కార్యకర్తకీ ముందే తెలియాలి, లేకపోతే మనం ఇచ్చిన మాత్రలు అయిపోయాక వాటి సంగతి చూసేవాళ్ళు ఉండరు. నీళ్ళు గెడ్డ (కొండవాగు) నుంచో ఊట నుంచో తెచ్చుకునే ఊళ్ళున్నాయి, మన బస్సు నిండా జనం దిగి పైన షాంపూలతో స్నానాలు చేస్తే కింద బిందె పట్టుకుని నించున్న ఆడవాళ్ళు మొహమాటానికి ఏమీ అనరు. ప్లాస్టిక్ గ్లాసులు, సౌండ్ బాక్సులు ఇంట్లో వదిలి రావాలి. అడ్డాకుల విస్తళ్ళు అక్కడే దొరుకుతాయి, కొనుక్కుంటే వాళ్ళకీ నాలుగు రూపాయలు. సృష్టిలో దేవుణ్ణి చూశామని సాక్ష్యం చెప్పేవాళ్ళు ఆ సృష్టిలో బిస్కెట్ కవర్లు పారేసి వస్తే ఆ సాక్ష్యం ఎవరు నమ్ముతారు చెప్పండి?

ప్రశ్న: అక్కా, మేం లేడీస్ ఫెలోషిప్ అంతా ఒంగోలు ప్రేయర్ హిల్ చూడటానికి వెళ్ళాం. పైకెక్కితే పెద్ద అందమేం లేదు, చుట్టూ ఇళ్ళూ టవర్లే. మా గ్రూప్‌లో కొందరికి ఆత్మ తాకిడి అనిపించిందట, నాకేం అనిపించలేదు. నాలో ఏదైనా లోపమా?

జవాబు: ఏ లోపమూ లేదమ్మా. ఆ కొండకి పేరు అందం వల్ల రాలేదు. 1854 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే ఐదుగురు ఆ గుట్ట ఎక్కారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. అప్పటికి ఆ మిషన్ ఫలితం లేదని మూసేద్దామా అనే మాటలు నడుస్తున్నాయి. వాళ్ళు అక్కడ మోకరించి చూసింది చుట్టూ ఉన్న పల్లెల్ని, ఈ ఊళ్ళకి ఒక మనిషిని పంపించు ప్రభువా అని అడిగారు. అడిగిన మనిషి వచ్చేసరికి పన్నెండేళ్ళు పట్టింది, జాన్ క్లౌ ఒంగోలులో దిగింది 1866లో. అదే సంవత్సరం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం మీద తిరిగినవాడు, ఆ పల్లెలన్నీ ఆయనకి తెలిసినవే. దొరగారి పేరు కొండ కథలో చెప్తారు, పేరయ్య పేరు చాలామంది చెప్పరు, అది నాకు బాధ. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత ముక్క తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని ఇప్పించాడు, కరువు ఉన్నన్నాళ్ళూ మాత్రం తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది. మీకు ఏదైనా అనిపించాలంటే కొండ దిగి ఆ ఏటి ఒడ్డుకి కూడా వెళ్ళి చూడండి. అనిపించకపోయినా ఏం పర్లేదు, ఆ ఐదుగురికి ఆ పొద్దున ఏమనిపించిందన్నది అసలు లెక్కలోకే రాలేదు, వాళ్ళు అడగాల్సింది అడిగి దిగిపోయారు.

ప్రశ్న: ప్రైజ్ ద లార్డ్ అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడి చర్చి పిల్లలు, మా అమ్మాయి కూడా, సమ్మర్‌లో అరకు మిషన్ ట్రిప్ అంటున్నారు. టూరిస్ట్ వీసా మీద వచ్చి నాలుగు ఊళ్ళు తిరిగి సువార్త చెప్పి వెళ్ళొచ్చు కదా? మా అమ్మాయికి ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకిచ్చే కార్డు) ఉంది.

జవాబు: వద్దమ్మా, అలా చెయ్యొద్దు. టూరిస్ట్ వీసా చూడటానికీ చుట్టాల్ని కలవడానికీ ఇచ్చేది, మత ప్రచారానికి పనికిరాదు, దానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. ఓసీఐ వాళ్ళకి కూడా 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. మీవాళ్ళు విమానం ఎక్కి వెళ్ళిపోతారు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది అక్కడి పాస్టర్ గారు. అమ్మాయిని మామూలుగా తీసుకురండి, విశాఖలో కిరండూల్ రైలెక్కించండి, ఆ సొరంగాలు దాటుతూ బొర్రా గుహలు, అరకు చూపించండి, ఆదివారం అక్కడి సంఘంలో వెనక కూర్చుని వినమనండి. సమ్మర్ అంటే మీకు జూన్, జూలై కదా, అప్పుడు ఏజెన్సీలో వానలూ దోమలూ మలేరియా, డాక్టర్‌ని అడక్కుండా మాత్రం రావద్దు.

ప్రశ్న: అక్కా, ట్రిప్ నుంచి మియాపూర్ ఫ్లాట్‌కి వచ్చిన వారానికే ఆ ఫీలింగ్ మొత్తం పోయింది. ఆఫీస్, ట్రాఫిక్, ఈఎంఐ. మళ్ళీ రావాలంటే మళ్ళీ కొండెక్కాలా?

జవాబు: పేతురు కూడా, యేసు రూపం మారి వెలిగిపోయిన రూపాంతర కొండ మీద మూడు పర్ణశాలలు కడదాం, ఇక్కడే ఉండిపోదాం అన్నాడు, మర్నాడు కిందికి దిగితే మూర్ఛతో గిలగిలలాడే పిల్లాడూ, ఏడుస్తున్న తండ్రీ ఎదురొచ్చారు. అది పోవడం మామూలే, దాని వెంట పరిగెత్తకు. 104వ కీర్తన పొద్దున్నే బాల్కనీలో నించుని చదువు, ఫోన్‌లో కాకుండా పుస్తకంలో. పక్షులు, అడవి గాడిదలు, మేకలు, సింహాలు, సముద్రంలో చేపలు అని పెద్ద లిస్టు వేసి, మధ్యలో ఒకే ఒక్క వచనం, మనిషి సాయంత్రం దాకా తన పనికి వెళ్తాడు అని. నీ ఆఫీసు కూడా ఆ లిస్టులో ఒక లైను తమ్ముడూ. కొండా, మియాపూర్ ట్రాఫిక్కూ ఆయన లెక్కలో వేర్వేరు పుస్తకాల్లో లేవు.

ఇంకో పని కూడా చెయ్యి, ఇది కొంచెం తేలిక. ఆ ఊరి పాస్టర్ గారి నంబరు ఉంది కదా, ఆదివారం సాయంత్రం ఒకసారి ఫోన్ చెయ్యి. సిగ్నల్ కోసం ఆయన గుట్ట మీదికి వస్తే గానీ కలవదు, రెండు మూడు సార్లు ట్రై చెయ్యాలి. ప్రార్థన అంశాలు తర్వాత అడుగు, ముందు ఈసారి కాఫీ ఎలా వచ్చింది, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ళు రేటు ఎంత కట్టారు, బడికి టీచర్ వస్తున్నాడా అని అడుగు. మళ్ళీ వెళ్ళాలనిపిస్తే టీము లేకుండా నువ్వూ మీ ఆవిడా వెళ్ళండి, ఆయన ఎప్పుడు రమ్మంటే అప్పుడు, కొండలు పసుపుపచ్చగా కనబడే వలిస పూల టైంకి కాకపోయినా సరే.